అంగుళం అడుగైతే

పెద్దకర్మ ఎల్లుండనగా కడియపులంక నుంచి ఒకబ్బాయి మా షాపుకొచ్చి ఫోన్ తీశాడు. "అమ్మదండి. ఆరడుగులు వేసెయ్యండి అన్నయ్యగారూ" అన్నాడు. పెళ్లి గ్రూపు ఫొటోలోంచి కత్తిరించిన ముఖం. నలుగురి వాట్సాప్‌లు దాటి వచ్చింది. తెరిచి చూస్తే వెడల్పు 300 పిక్సెళ్లు కూడా లేదు.

"ఇంట్లో ఆల్బమ్ ఉందా తమ్ముడూ?" అని అడిగాను.

రాజమండ్రిలో ఫ్లెక్సీ డిజైన్ చేసే నేను రోజూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఇది అలవాటు కావడానికి ఒక కారణముంది. కొన్నాళ్ల క్రితం ఇలాంటి చిన్న ఫొటోనే ఒక సాఫ్ట్‌వేర్‌లో వేసి పెంచాను. ముఖం అద్దంలా వచ్చింది. ఫ్లెక్సీ కట్టాక ఆ ఇంటి కూతురు దగ్గరికొచ్చి చూసి, "మా అమ్మ నుదుటన పచ్చబొట్టు ఏదండీ?" అంది. సాఫ్ట్‌వేర్ దాన్ని మరక అనుకుని చెరిపేసింది. లేని రెప్పవెంట్రుకలు గీసింది, ఉన్న గుర్తు తీసేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వెనకటి బోర్డు ఆర్టిస్టులు చిన్న ఫొటో మీద గళ్లు గీసి, గోడ మీద అవే గళ్లు పెద్దవి గీసి, ఒక్కో గడీ నింపుకుంటూ పోయేవారు. ఫొటోలో కనిపించనిది ఇంటివాళ్లను అడిగేవారు. మెషీన్ ఎవరినీ అడగదు. అడగాల్సింది మనమే.

కుర్రాడు గంటలో ఆల్బమ్ తెచ్చాడు. తులసికోట పక్కన ఆవిడ ఒక్కరే నిలబడిన ఫొటో, 4×6 అంగుళాలు. ప్లాస్టిక్ పొరకు అంటుకుపోయి ఉంది. లాగితే రంగు ఊడొస్తుంది కాబట్టి పేజీతో సహా స్కానర్ మీద పెట్టి 600 డీపీఐలో తీశాను. ఆరంగుళాలు ఆరడుగులు కావాలి. అంటే ప్రతి అంగుళం అడుగవుతుంది, 12 రెట్లు. 600ను 12తో భాగిస్తే అంగుళానికి 50 పిక్సెళ్లు మిగులుతాయి. ఫ్లెక్సీకి అది చాలు.

ఎందుకు చాలంటే, పుస్తకం అడుగు దూరంలో పట్టుకుని చదువుతాం, దానికి అంగుళానికి 300 కావాలి. వీధిలో కట్టిన బొమ్మను పదిహేనడుగుల నుంచి చూస్తాం. అంత దూరంలో అంగుళానికి 20 చుక్కలున్నా కన్ను విడదీయలేదు. ఈ సంగతి తెలియక కొత్త కుర్రాళ్లు 20×10 అడుగుల ఫ్లెక్సీని కూడా 300లో మొదలుపెడతారు. 72,000×36,000 పిక్సెళ్లు, నాలుగు రంగులకు లెక్కేస్తే పది జీబీ దాటుతుంది. ఫొటోషాప్ పీఎస్‌డీ ఫైలు ఒక వైపు 30,000 పిక్సెళ్లు మించి తీసుకోదు. అదే కొలత 72లో చేస్తే 600 ఎంబీతో సరిపోతుంది. ఫైలు బరువు పెరిగితే ముఖం తేటపడదు. మూలం బాగుంటేనే తేటపడుతుంది.

మిగతావి చేతికి అలవాటైన పనులు. చుట్టూ మడతకు, రింగులకు మూడంగుళాలు వదలాలి. అను ఫాంటులో కొట్టిన పేరును కోరెల్‌డ్రాలో కంట్రోల్ క్యూ నొక్కి కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మగా మార్చకపోతే ప్రింటింగ్ కంప్యూటర్‌లో అక్షరాలు చెదిరిపోతాయి. పోయినవాళ్ల పేరు తప్పు పడితే సరిదిద్దుకోవడానికి మళ్లీ రోజు దొరకదు. నలుపు కోసం నాలుగు సిరాలూ నిండుగా పోయకూడదు, వానాకాలం ఆరక ముందే చుడితే అంటుకుపోతుంది.

ఆ తల్లి బొమ్మలో నేను ముట్టుకోనిది ముఖం ఒక్కటే. నుదుటి ముడతలు, చెంప మీద మచ్చ, కొంచెం పక్కకు జరిగిన బొట్టు, అన్నీ అలాగే ఉంచాను. కుర్రాడు స్క్రీన్ ముందు చాలాసేపు నిలబడి "అమ్మేనండి" అన్నాడు.

మనది గోదారి పక్క బతుకు. 1986 వరదలోనూ, 2022 జులై వరదలోనూ లంక గ్రామాల్లో ఇళ్లు మునిగాయి. నీళ్లలో నానిన ఫొటో తిరిగి రాదు. అందుకే అడుగుతున్నాను. ఈ ఆదివారం అటక మీంచి ఆల్బమ్ దించండి. పెద్దవాళ్ల ఫొటోలు కనీసం 600 డీపీఐలో స్కాన్ చేయించి రెండు చోట్ల దాచండి. ఎవరికైనా పంపాల్సి వస్తే వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి.