రాజా దీన్‌దయాళ్ ఛాయాచిత్రాలు – ఓరుగల్లు ప్రాంత స్థానిక చరిత్ర : ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలంగాణ స్థానిక చరిత్ర రచనకు శాసనాలు, కులపురాణాలు, మౌఖిక కథనాలు ప్రధాన ఆధారాలుగా నిలిచాయి. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో వీటికి ఛాయాచిత్రం తోడైంది. అయితే చరిత్రకారులు శాసనానికి ఇచ్చిన విమర్శనాత్మక పఠనాన్ని ఛాయాచిత్రానికి తరచుగా ఇవ్వలేదు. శాసనపాఠాన్ని పరిష్కరించి, కాలాన్ని నిర్ణయించి, దాత ఎవరో, ప్రయోజనమేమిటో విచారించే పరిశోధకుడు ఛాయాచిత్రాన్ని మాత్రం పుస్తకానికి అలంకారంగా వాడుకొని విడిచిపెడతాడు. రాజా దీన్‌దయాళ్ చిత్రాలను ఆధారంగా చేసుకొని, ఓరుగల్లు ప్రాంత చరిత్ర పరిరక్షణలో ఛాయాచిత్రం స్థానాన్నీ, దాని పరిమితులనూ నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

ఛాయాగ్రాహకుడు – ఆస్థానం

లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించాడు. రూర్కీ థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోర్ ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగిగా చేరాడు. సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారత కట్టడాలను చిత్రించడంతో ఆయన ఖ్యాతి పెరిగింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదుతో గౌరవించాడు. సికింద్రాబాదులో స్టూడియో వెలసింది. 1897లో విక్టోరియా రాణి నుండి రాజనియామక పత్రం లభించింది. ఆయన 1905లో మరణించాడు.

ఈ జీవితరేఖలో గమనింపదగినది ఆయన ఉభయాశ్రయం. ఒకవైపు బ్రిటిష్ అధికారులకు, మరొకవైపు దేశీయ ప్రభువుకు ఆయన పనిచేశాడు. కాబట్టి ఆయన చిత్రాలను ‘వలస పాలకుల చూపు’ అనే ఒక్క మాటతో కొట్టివేయడం సరికాదు. అలాగని వాటిని నిష్పాక్షిక సాక్ష్యంగా స్వీకరించడమూ సరికాదు. ప్రభువు వైభవం, దర్బారు, వేట, కట్టడాలు ఆయన చిత్రాలలో విస్తారంగా కనిపిస్తాయి. సామాన్య ప్రజలు కనిపించే సందర్భం కూడా ఒకటుంది. ఔరంగాబాదు ప్రాంతంలో కరవు సహాయక పనులను ఆయన చిత్రించాడు. కాని అక్కడ కూడా ప్రజలు రాజ్య ఔదార్యానికి పాత్రులుగానే చట్రంలోకి వచ్చారు. వారి పేర్లు, ఊళ్లు ఆ చిత్రాలకు అవసరం కాలేదు.

ఓరుగల్లు చిత్రాలు : ఏమి నిలిచింది?

బ్రిటిష్ లైబ్రరీలోని కర్జన్ సేకరణలో నిజాం రాజ్య దృశ్యాల సంపుటం ఉంది. అందులో హన్మకొండ వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట శిథిలాల చిత్రాలు చేరాయి. వీటి మొదటి విలువ రూపసాక్ష్యం. రుద్రదేవుడు 1163లో నిర్మింపజేసిన వేయిస్తంభాల గుడి విషయంలో ఈ విలువ స్పష్టమవుతుంది. దాని కల్యాణమండపాన్ని 2006లో విప్పదీసి, పునర్నిర్మించి, 2024లో తిరిగి తెరిచారు. ఒక కట్టడాన్ని రాయి రాయిగా విప్పి మళ్లీ నిలబెట్టే కాలంలో, అంతకు శతాబ్దం ముందటి స్థితిని చూపే చిత్రం పరిశోధకునికి పోలిక కోసం లభించే ప్రమాణం. శాసనం నిర్మాతను చెబుతుంది. కట్టడం ఏ స్థితిలో ఏ కాలానికి చేరిందో ఛాయాచిత్రం చెబుతుంది.

రెండవ విలువ ప్రతీకాత్మకమైనది. ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చోటు చేసుకుంది. శిథిలాన్ని స్మారకంగా చూసే దృష్టి ఏర్పడటంలో ఛాయాచిత్రానిది గణనీయమైన పాత్ర. 1914లో ఏర్పడిన హైదరాబాదు పురావస్తు శాఖ ఈ దృష్టిని శాస్త్రీయం చేసింది. ఆ శాఖకు సంచాలకుడైన గులాం యజ్దానీ 1922లో పాలంపేట దేవాలయాలపై వెలువరించిన గ్రంథంలో రచన, చిత్రం పరస్పరం ఆధారపడ్డాయి. అక్కడ చిత్రం అలంకారం కాదు, వాదంలో భాగం.

పేరు, చిరునామా

ఛాయాచిత్రానికి ప్రాణం దాని కింది పంక్తిలో ఉంటుంది. ‘వరంగల్, నిజాం రాజ్యం’ అన్న చిరునామాతో భద్రమైన చిత్రాన్ని నేటి పాఠకుడు ఏ జిల్లాలో వెతకాలి? 2016లో పూర్వపు వరంగల్ జిల్లా నుండి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. రామప్ప గుడి ఉన్న పాలంపేట మొదట భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019లో ములుగు జిల్లాకు మారింది. చిత్రం మారలేదు, చిరునామాలో జిల్లా రెండు సార్లు మారింది. గ్రంథాలయ సూచికలలో పాత, కొత్త పేర్లు రెండూ నమోదు కాకపోతే, భద్రంగా ఉన్న చిత్రం కూడా స్థానిక పరిశోధకునికి పోయినదానితో సమానం.

కథకుడు లేని పటం

ఈ ప్రాంతానికి ఛాయాచిత్రానికంటే పాతదైన దృశ్యసంప్రదాయం ఉంది. చేర్యాల నకాషీలు చిత్రించిన పటాలను చూపుతూ కూనపులివారు పద్మశాలీలకు, గౌడజెట్టివారు గౌడులకు, డక్కలివారు మాదిగలకు కులపురాణాలను చెప్పారు. పటం కింద రాత ఉండదు. కాని పక్కన కథకుడు ఉంటాడు. వినేవారు తమ మూలపురుషులను అందులో గుర్తిస్తారు. కథకుడు లేని పటం రంగుల గుడ్డగా మిగులుతుంది.

దీన్‌దయాళ్ చిత్రాలలో సామాన్యుల విషయంలో జరిగింది ఇదే. కట్టడానికి కథకుడిగా శాసనం ఉంది, ప్రభువుకు కథకుడిగా రాజ్యపత్రం ఉంది. పేరులేని మనిషికి కథకుడు దొరకలేదు. మహబూబాబాద్ జిల్లాలోని దంతాలపల్లి వంటి ఊళ్ల చరిత్రకు ఈ పోలిక ముఖ్యమైనది. ఇటువంటి ఊళ్లలో చరిత్ర రాజచిత్రాలలో కంటే ఇళ్ల గోడలకు వేలాడే పెళ్లి ఫొటోలలో, బడి పిల్లల బృందచిత్రాలలో, చనిపోయినవారి పటాలలో ఉంటుంది. వాటిని గుర్తుపట్టే పెద్దలు ఉన్నంతకాలమే అవి చరిత్ర. ఆ తరువాత అవి పేరులేని ముఖాలు.

ముగింపు

దీన్‌దయాళ్ గాజు ఫలకాలలో రెండువేల ఎనిమిదివందలకు పైగా 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరి భద్రమయ్యాయి. ఆస్థాన ఛాయాగ్రాహకునికి దక్కిన ఈ రక్షణ గ్రామ చిత్రాలకు దక్కలేదు. స్థానిక చరిత్ర పరిశోధకుడు చిత్రపు నకలుతో పాటు, అందులోని వ్యక్తుల పేర్లు, బంధుత్వాలు, తీసిన సందర్భం, పాత కొత్త స్థలనామాలు, వివరం చెప్పినవారి మాటలు సేకరించాలి. చిత్రాన్ని శాసనం వలె పరిష్కరించాలి, పటం వలె వినిపింపజేయాలి. దీన్‌దయాళ్ కృషి నుండి స్థానిక చరిత్ర గ్రహించవలసిన పాఠం ఇది: గాజు ఫలకం రూపాన్ని నిలుపుతుంది, పేరును నిలపవలసినది మనుషుల జ్ఞాపకమే.