ఆకుపచ్చ నీళ్లు, నీలి నీళ్లు

జాతీయ రహదారులు 44, 63 ఆర్మూరులోనే కలుస్తాయి. ఇక్కడ పసుపు బస్తాలు ఎక్కించుకున్న లారీకి కశ్మీరూ కన్యాకుమారీ ఒకే రోడ్డు మీద ఉంటాయి. సముద్రం మాత్రం తూర్పుకు పోయినా, పడమరకు పోయినా వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అయినా మూడు రోజుల సెలవు కలిసొస్తే స్కూబా డైవింగ్‌కు పోదామనే మాట మా ఊరి కుర్రాళ్లలో ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. వెంటనే రెండు పేర్లు వస్తాయి: విశాఖపట్నంలో రుషికొండ, కర్ణాటకలో మురుడేశ్వర్ ఎదుటి నేత్రాణి దీవి. ఏది మంచిదని అడిగితే పోయొచ్చినవాళ్లు ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తారు. ఫొటోలను బట్టి తీర్పు చెప్పాల్సివస్తే ప్రతిసారీ నేత్రాణే గెలుస్తుంది. మొదటిసారి నీళ్లలోకి దిగేవాళ్ల విషయంలో ఆ తీర్పు తప్పని నా గట్టి అభిప్రాయం.

అండమాన్‌ను ఈ పోటీలో పెట్టలేదు. అక్కడి స్వరాజ్ ద్వీప్ చుట్టూ ఉన్న నీళ్లతో ఈ రెండు తీరాలూ సరితూగవు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. కానీ హైదరాబాద్ దాకా రోడ్డు, అక్కడినుంచి విమానం, మళ్లీ ఓడ. పైగా వరుసగా డైవింగ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. మూడు రోజుల్లో ఇవన్నీ తీసేస్తే నీళ్లకు మిగిలేది ఒక్క పూట. గోవా గ్రాండ్ ఐలాండ్‌లో మునిగిన ఓడ శిథిలం ఉంది, లోతు తక్కువ. కొత్తవాళ్లకు అనువైన చోటే. అయితే మనవాళ్లు గోవాకు వెళ్లేది చాలావరకు వేరే పనుల మీద. అక్కడ డైవింగ్ మధ్యలో ఒక గంట కార్యక్రమం అయిపోతుంది.

ఇక రెండు సముద్రాల సంగతి. రుషికొండ నీళ్లలో తల ముంచగానే కనిపించేది ఆకుపచ్చ. ఎదుటివాడి ఫిన్స్ కనిపిస్తాయి, ఆ ముందు రాయి ఒకటి నీడలాగా తోస్తుంది, దాని అవతల ఏముందో తెలియదు. చూపు కొద్ది మీటర్లకు మించి ఆనని రోజులు ఎక్కువ. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది కదా, మరి నీళ్లు ఇంత మసకగా ఉన్నాయేమిటని మా వెంట వచ్చినవాళ్లు అడిగారు. ఆ గుర్తింపు ఇసుక శుభ్రతకు, స్నానం చేసే నీటి నాణ్యతకు, భద్రతకు ఇచ్చేది. నీళ్లలో ఎంత దూరం కనిపిస్తుందన్నది వేరే లెక్క. బంగాళాఖాతంలోకి గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ మట్టిని, పోషకాలను మోసుకొచ్చి పోస్తాయి. ఆ పోషకాల వల్ల కంటికి కనిపించని నాచు మొక్కలు కోట్ల కొద్దీ పెరుగుతాయి. అవి నీలి వెలుగును తినేస్తే మనకు మిగిలేది ఆకుపచ్చ.

ఆ మట్టిలో మన వంతూ ఉంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు మన పక్కనే. అప్పుడు 112 టీఎంసీల నిల్వకు కట్టిన జలాశయం పూడిక పేరుకుని ఇప్పుడు 80 టీఎంసీల దగ్గరికి వచ్చింది. చేలమీది మట్టి ఎంత కొట్టుకుపోతోందో ఆ తేడాయే చెబుతుంది. ఆ జలాశయంలో ఆగనిది గోదావరితో కిందికి పోతుంది, దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తమ తమ మట్టిని కలుపుతాయి, చివరికి అంతా బంగాళాఖాతానికే చేరుతుంది. కాబట్టి ఆర్మూరు మనిషి తూర్పు సముద్రం మసకను చూసి ముఖం చిట్లించడం నాకు సరిగా తోచదు. ఆ నీళ్లతో మనకు చుట్టరికం ఉంది.

పడమటి తీరంలో కథ వేరు. కనుమల నుంచి దూకే నదులు పొట్టివి, వానకాలంలో ఉరికి తర్వాత సన్నబడతాయి. నేత్రాణి ఒడ్డుకు ఆనుకుని లేదు, మురుడేశ్వర్ నుంచి దాదాపు 19 కిలోమీటర్లు సముద్రంలోకి ఉంది. అంత దూరం వచ్చేసరికి ఒడ్డు మట్టి వెనకబడిపోతుంది. మంచి రోజున బోట్‌లో కూర్చునే కింద రాళ్లు చూడొచ్చు. దిగితే పగడాలు పట్టిన బండలు, చిలుక చేపలు, ట్రిగ్గర్ చేపలు, గుంపులుగా తిరిగే బారకుడాలు, రాతి సందులో నోరు తెరిచి ఊపిరి పీల్చే మోరే ఈల్ కనిపిస్తాయి. అదృష్టం ఉంటే తాబేలు కూడా. దీవి మీద అడవి మేకలు, పావురాలు ఉన్నాయి. భారత నౌకాదళం ఒకప్పుడు ఈ దీవిని గురి సాధనకు వాడుకుంది. ఇంత అందమైన చోటును గుండ్ల వర్షానికి వదిలారని తెలిసినప్పుడు నాకు బాధ కలిగింది, ఇప్పటికీ కలుగుతుంది.

విశాఖ అడుగున ఇంత రంగుల సంత లేదు. తూర్పు కనుమలు అక్కడ నేరుగా సముద్రంలోకి దిగుతాయి. యారాడ, డాల్ఫిన్ నోస్, రుషికొండల్లో కనిపించే ఖోండలైట్ రాయే నీళ్ల కింద కూడా కొనసాగుతుంది. ఆ బండలకు మెత్తటి పగడాలు, స్పాంజిలు అతుక్కుని ఉంటాయి. లయన్ ఫిష్ ఉంటుంది, సముద్రపు ముళ్ల బంతులు ఉంటాయి, బండ రంగులోనే కలిసిపోయిన చేపలు ఉంటాయి. వీటిని చూడాలంటే దగ్గరికి పోవాలి, కదలకుండా ఉండాలి, వెతకాలి. నేత్రాణిలో చేపలు మన కళ్ల ముందుకు వస్తాయి, రుషికొండలో మనమే వాటి దగ్గరికి పోవాలి. చూడడం నేర్పే విషయంలో మసక నీళ్లకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. చూపు దూరం పోనప్పుడు చేతి దూరంలో ఉన్నదాన్ని శ్రద్ధగా చూస్తాం.

రంగుల విషయంలో కూడా ఈ రెండు సముద్రాలు ఒక్కలాంటివి కావు. నీళ్లలో అన్నిటికంటే ముందు పోయేది ఎరుపు. ఐదు మీటర్లు దాటేసరికే కుంకుమ రంగు బట్ట గోధుమ రంగుకు తిరుగుతుంది, ఇంకా దిగితే నల్లబడుతుంది. దాని తర్వాత నారింజ పోతుంది. పసుపు ఇంకొంత దూరం తోడు వస్తుంది. బంగాళాఖాతం తీరపు ఆకుపచ్చ నీళ్లలో నీలం త్వరగా చచ్చిపోయి, పసుపూ ఆకుపచ్చా మధ్య వెలుగే ఎక్కువ లోతుకు పోతుంది. నేత్రాణి నీళ్లలో నీలమే చివరిదాకా నిలబడుతుంది. పసుపు కొమ్మును విరిచి లోపలి రంగు చూసి ధర కట్టే ఊరివాళ్లం మనం, ఈ తేడా ఎవరూ చెప్పకుండానే మన కంట పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పోలిక సముద్రంతో సముద్రానికి కాదు, బావితో సముద్రానికి. మా తరంలో ఈత నేర్చుకున్నది వ్యవసాయ బావుల్లోనే. నడుముకు బెండు కట్టి తోసేవాళ్లు, బెండు ఊడదీసిన రోజు పండగ. తర్వాత పోటీలన్నీ దమ్ము మీదే. అడుగున ఉన్న రాయి తెచ్చినవాడు గొప్ప, ఎక్కువసేపు పైకి రానివాడు ఇంకా గొప్ప. ఆ అలవాటే స్కూబాలో ప్రాణం మీదికి తెస్తుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండర్ నుంచి నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే, ఒత్తిడి సగమయ్యేసరికి అదే గాలి రెట్టింపు చోటు కావాలంటుంది, ఊపిరితిత్తులు చిరగొచ్చు. బావిలో మనం తీసుకుపోయేది పైన పీల్చిన గాలే, కాబట్టి అది పైకి వచ్చేసరికి మొదటి పరిమాణానికే వస్తుంది. సిలిండర్ గాలి అలా కాదు. ఊపిరి ఒక్క క్షణం కూడా ఆపకూడదన్నది స్కూబాలో మొదటి నియమం. ఈత రానివాడి కంటే బావి ఈత బాగా వచ్చినవాడికే ఇది కష్టమని నేను చూశాను. భయం వేయగానే వాడి ఒళ్లు దమ్ము పడుతుంది.

చెవుల సంగతీ అంతే. బావి అడుగుకు పోయినప్పుడు చెవి పోటు పుడితే ఓర్చుకునేవాళ్లం. స్కూబాలో ఓర్చుకోకూడదు. పోటు మొదలవకముందే ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవులు సరిచేసుకుంటూ దిగాలి, కుదరకపోతే కొంచెం పైకి రావాలి.

ఈ బావి అలవాట్లు మారడానికి సమయం పడుతుంది. అందుకే నేను విశాఖ వైపు మొగ్గుతున్నాను. రుషికొండలో ఒడ్డుకూ డైవింగ్ చోటుకూ మధ్య దూరం తక్కువ. ఉదయం నేర్చుకునేటప్పుడు బెదిరితే మర్నాడు మళ్లీ ప్రయత్నించవచ్చు. నేత్రాణికి పోవడానికే గంటన్నర పడుతుంది. అల లేస్తే కొత్తవాళ్లలో సగంమంది అప్పటికే కడుపులో తిప్పి సోలిపోతారు. బోట్ నిండా జనం, ఒకరి తర్వాత ఒకరు దిగాలి, మధ్యాహ్నానికి తిరిగి రావాలి. ఒక సంస్థవాళ్లు నన్ను దింపిన పద్ధతి గుర్తుంది: వెనకనుంచి సిలిండర్ పట్టుకుని ఇన్‌స్ట్రక్టరే నడిపిస్తాడు, ముందు కెమెరా, చేతులు ఊపమని సైగ, పగడం పక్కన ఒక ఫొటో, చేప పక్కన ఒక ఫొటో, పైకి. చుట్టూ అంత అందం ఉన్నా నా కళ్లు కెమెరా మీదే ఉండిపోయాయి. ఇది విశాఖలో జరగదని కాదు, అక్కడా ఇలాంటి ప్యాకేజీలు ఉన్నాయి. కానీ అక్కడ ఇంకో దారి పట్టడానికి వీలుంది, పడమట ఆ వీలు ఒక్క రోజులో దొరకదు.

ఆ ఇంకో దారి కోర్సు. ఇన్‌స్ట్రక్టర్ వెంట రుచి చూసే డైవ్‌కు ఈత రానక్కర్లేదు, 12 మీటర్లకు మించి తీసుకుపోరు. ఓపెన్ వాటర్ కోర్సుకు 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలి ఉండాలి, పూర్తయితే 18 మీటర్ల దాకా తోడుతో దిగే అర్హత వస్తుంది. దానికి మూడు నాలుగు రోజులు కావాలి. పాఠాల భాగం ఇంట్లోనే ఆన్‌లైన్‌లో ముగించుకుని పోతే ఒక పెద్ద సెలవులో అయిపోతుంది. బావి ఈత ఇక్కడ పనికొస్తుంది. మన జిల్లా సిరికొండ మండలం పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. నేరుగా పోయి ఎక్కలేదు. భువనగిరి రాతి గుట్ట, ఆ తర్వాత డార్జిలింగ్, లదాఖ్ దాటి పోయింది. లోతుకు పోయేవాళ్లకూ భువనగిరి లాంటిది ఒకటి కావాలి, అది రుషికొండ అవుతుందని నా నమ్మకం.

"గా నీళ్లల్ల ఏం కనవడకపాయె, గంత దూరం ఎందుకు వోవుడు?" అని మా అక్క కొడుకు అడిగాడు. వాడు నేత్రాణి పోయి వచ్చినవాడు. "నీకు మస్తు కనవడ్డయి గదరా, మల్ల ఒక్క చేప పేరు చెప్పు" అన్నాను. కాసేపు ఆలోచించి, "గది నిజమే మామా" అన్నాడు.

ఎప్పుడు పోవాలన్నది సముద్రం కన్నా ముందు పసుపు నిర్ణయిస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్. చేను ఉన్న ఇల్లు అప్పుడు కదలదు. అటు పంద్రాగస్టుకు సెలవు ఎంత కలిసొచ్చినా నేత్రాణి వానకాలానికి మూసి ఉంటుంది. దసరాకు పడమర తెరుచుకుంటుంది కానీ తూర్పు అప్పటికి తుపానుల కాలంలో ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఎలా పిండేసిందో ఎవరూ మరిచిపోలేదు. అందుకే దసరా సెలవులకు విశాఖ డైవింగ్ పెట్టుకోవద్దంటాను. డిసెంబర్ రెండో సగం రెండు తీరాలకూ బాగుంటుంది, తవ్వకం ఇంకా ఊపందుకోదు, ఇక్కడ చలికి వణుకుతుంటే అక్కడ నీళ్లు 25 డిగ్రీలకు పైనే ఉంటాయి. అయినా నీళ్లు ఒంటి వేడిని గాలికన్నా ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తాయి కాబట్టి వెట్ సూట్ వద్దనకండి.

ఇంట్లో పెద్దవాళ్లు వెంట వస్తే రెండు చోట్లా వాళ్లకు దేవుడున్నాడు, సింహాచలం అప్పన్న ఇటు, మురుడేశ్వరుడు అటు. సముద్రం ఒడ్డున 37 మీటర్ల శివుడి విగ్రహం, ఇరవై అంతస్తుల గోపురం ఉన్న మురుడేశ్వర్ ఈ విషయంలో ముందుంటుంది. డైవింగ్ చేయని మనిషికి విశాఖలో కురుసుర జలాంతర్గామి ఉంది. లోపలికి పోతే, 1971 డిసెంబర్‌లో అదే తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీలో మనుషులు ఎంత ఇరుకులో ఉన్నారో ఊహకు అందుతుంది.

తిరుగు ప్రయాణంలో కూడా తూర్పే నయం. రైలు విజయవాడ దాకా మైదానంలోనే నడుస్తుంది, హైదరాబాద్ ఎత్తు కూడా మరీ ఎక్కువ కాదు. మురుడేశ్వర్ నుంచి మనవైపు రావాలంటే కనుమలెక్కి 600 మీటర్లు దాటిన హుబ్బళ్లి మీదుగా రావాలి. డైవ్ చేసిన వెంటనే అంత ఎత్తుకు ఎక్కడం విమానం ఎక్కినంత జాగ్రత్తగా చూడాల్సిన విషయం. సోమవారం తిరుగుదారి పట్టాలంటే ఆఖరి డైవ్ ఆదివారం ఉదయమే ముగించి, ఆ మధ్యాహ్నం, ఆ రాత్రి ఒడ్డునే గడపాలి.

ఒక చలికాలం విశాఖ, మరో చలికాలం నేత్రాణి, ఈ వరుసలో పొమ్మంటాను. డబ్బు కట్టేముందు ఫోన్లో అడగాల్సినవి ఇవి: ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమందిని అప్పగిస్తారు, సముద్రానికి ముందు తక్కువ లోతు నీళ్లలో ఎంతసేపు నేర్పిస్తారు, బోట్‌లో ఆక్సిజన్ ఉందా, కెమెరా వద్దంటే ఆ సమయం కూడా నీళ్లలోనే గడపనిస్తారా.