కొస లాగితే ఊడొచ్చే ముడి

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోనొచ్చింది. సింహాచలం స్టేషన్ దగ్గర టీ కొట్టు వెనకాల ఒక కుక్క పడుకుని ఉందని, దగ్గరికెళ్తే కంపు కొడుతోందని, మెడంతా పుండని. పేరుకు సింహాచలం స్టేషనే గానీ అది ఉన్నది విశాఖలో మా గోపాలపట్నంలోనే. ఇంటి నుంచి నడిచే దూరం. సంచి భుజాన వేసుకుని వెళ్లాను. ఏడాది కూడా నిండని ఆడకుక్క. మెడ చుట్టూ వేలు పట్టేంత గాడి, దాని మీద ఈగలు. గాడిలో ఏముందో దూరం నుంచి కనబడలేదు. కనబడనక్కర్లేదు కూడా. తాడే ఉంటుంది.

ఇలాంటి మెడలు చాలా చూశాను. కథ దాదాపు ఒకటే. పిల్లలు ముచ్చటపడి వీధిలో కుక్కపిల్లని ఇంటికి తెచ్చుకుంటారు. మెడకి నైలాన్ తాడో, పాత చున్నీ అంచో కడతారు. పది రోజులు ముద్దు చేస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు కేకలేస్తారు, లేకపోతే అద్దె ఇల్లు మారుతుంది. పిల్ల మళ్లీ వీధిన పడుతుంది, తాడు మెడకే ఉండిపోతుంది. కుక్క పెరుగుతుంది. తాడు పెరగదు. మూడు నాలుగు నెలలకి చర్మం తెగుతుంది, ఆ తర్వాత తాడు కండలోకి దిగుతుంది, దాని మీదుగా చర్మం మూసుకోవాలని చూస్తుంది. ఆ కుక్కని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఒక చెయ్యి ముడి వేసింది, ఆ సంగతి మరిచిపోయింది, అంతే.

జంతుహింస అనగానే కర్ర, రాయి, మరిగే నీళ్లు గుర్తొస్తాయి. అవీ చూశాను. అయినా ఇన్నేళ్లలో నా చేతుల్లోకొచ్చిన బాధలో ఎక్కువ భాగం తాడు పెట్టిన బాధే. అందుకే ఈ వారం తాడు గురించి రాస్తున్నాను.

దెబ్బతిన్న కుక్క దగ్గరికి ఎదురుగా వెళ్లకూడదు. కళ్లలోకి సూటిగా చూడకూడదు. పక్కవాటుగా నాలుగడుగులు వేసి, కాస్త దూరంలో నేల మీద కూర్చోవాలి. మన వాసన దానికి అలవాటు కావాలి. పెరుగన్నం ముద్ద దాని ముందుకు నెట్టి ఊరుకోవాలి. మొన్న అలా కూర్చున్నది నలభై నిమిషాలు. విశాఖపట్నం లోకల్ రైలో, గూడ్సో వెళ్లినప్పుడల్లా అది లేచి నాలుగడుగులు వెనక్కి వేసేది, మళ్లీ వచ్చేది. చివరికి ముద్ద తిని, నా మోకాలు వాసన చూసింది.

అప్పుడు మూతికి కట్టు కట్టాలి. ఎంత మెత్తని కుక్కయినా నొప్పి పుడితే కరుస్తుంది, అది దాని తప్పు కాదు. రెండు మీటర్ల బ్యాండేజీ గుడ్డ తీసుకుని మధ్యలో వదులుగా ఉచ్చు వేసి, మూతి మీదుగా తొడిగి పైన ఒక ముడి. కొసలు తిప్పి దవడ కింద ఇంకో ముడి. అక్కణ్నించి చెవుల వెనక్కి తెచ్చి, అక్కడ మాత్రం జారుముడి. కొస లాగితే ఒక్క క్షణంలో ఊడొచ్చేలా. కుక్కకి మనలాగా ఒంటినిండా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి చల్లదనం. మా ఊరి ఉక్కలో మూతి కట్టి పది నిమిషాలుంచితే ప్రమాదం. మధ్యలో వాంతి వస్తే ఊపిరి తిరగదు. నాకు ఈ పని నేర్పింది పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన. మొదటి రోజు ఆయన నా చేత కట్టు కట్టించలేదు. తన మణికట్టుకి గుడ్డ ముడివేసుకుని, కళ్లు మూసుకుని దాన్ని విప్పమన్నాడు. "ముడి వెయ్యడం తర్వాత బాబూ. ముందు విప్పడం నేర్చుకో" అన్నాడు. ఆ మధ్యాహ్నమంతా విప్పడమే నేర్చుకున్నాను.

మొన్నటి తాడు పచ్చటి నైలాన్‌ది. మొన మొండిగా ఉండే కత్తెర మెడ వెనక వైపు నుంచి, తాడుకీ కండకీ మధ్య మెల్లగా దూర్చి కత్తిరించాను. బయటికి లాగుతుంటే దాంతోపాటు వెంట్రుకలు, చీము వచ్చాయి. కుక్క అరవలేదు. ఒళ్లంతా ఒక్కసారి వణికింది, ఆ తర్వాత మెడ వాల్చేసింది. ముందు మూతి కట్టు లాగేసి, అప్పుడు సెలైన్‌తో పుండు కడిగాను. పురుగులున్నాయి. చాలామంది ఇలాంటి పుండు మీద కిరోసినో ఫినాయిలో పోస్తారు. పురుగులు చస్తాయి నిజమే, పచ్చి కండ కూడా కాలుతుంది. మందుల షాపులో దొరికే పుండ్ల స్ప్రే కొట్టి, ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడమే సరైన పని. లోతైన పుండుకి ఇంటి వైద్యం చాలదు.

తాడు అన్న మాట వింటే మా వైపు వాళ్లకి ఒక తెల్లవారుజాము గుర్తొస్తుంది. 2020 మే 7. ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి ఊరి మీద పడింది. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలై, 1997లో ఎల్‌జీ చేతికి వెళ్లిన కర్మాగారం అది. లాక్‌డౌన్‌లో కదలిక లేక ట్యాంకులో ద్రవం వేడెక్కింది. జనాన్ని లేపాల్సిన సైరన్ మోగలేదు. కనీసం 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరిన్ ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోకుండా నేల పట్టుకుని పాకుతుంది. పశువులు పడుకునేదీ, కుక్కలు ముడుచుకునేదీ ఆ నేల మీదే. తెల్లవారాక వచ్చిన ఫొటోల్లో రోడ్ల మీద కూలిపోయిన మనుషులతో పాటు, కట్టేసిన చోటే నోటివెంట నురగతో పడిపోయిన ఆవులూ గేదెలూ ఉన్నాయి.

మాకు పాలు పోసే అత్తది ఆ ఊరే. రెండు గేదెలుండేవి. రెండూ పోయాయి. నెల తర్వాత వచ్చి గుమ్మంలో కూర్చుని చెప్పింది. "మనవరాల్ని సంకనేసుకుని లెగిసేను బాబూ. కళ్లు మండిపోతన్నాయి. గేదెలు అరుస్తన్నాయి. ముడి ఇప్పుదారని సెయ్యేసేను. బిగుసుకుపోనాది. రెండోపాలి ఇప్పుదారంటే ఊపిరాడలేదు. ఇడిసీసి పరిగెట్టీసేను."

ఆమె చేసిన దాంట్లో తప్పు లేదు. చంకలో పసిపిల్ల ఉన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు. అయినా అత్త తనని తాను క్షమించుకోలేదు. "నేనే కట్టేను గదా" అని ఆగిపోయింది. ఆ మాట నా లోపల ఉండిపోయింది. కట్టేసిన క్షణం నుంచి ఆ ప్రాణి పారిపోయే హక్కు మన చేతిలోకి వస్తుంది. మేతా నీళ్లూ పెట్టడం ఎంత బాధ్యతో, ఆపద వేళకి అందుబాటులో ఉండటం అంత బాధ్యత. మన వల్ల కాని పరిస్థితి వస్తే అది తనంతట తాను బయటపడే దారి ముందే చూసి ఉంచాలి.

మన చేతిలోని ప్రాణి కథ సింహాచలం కొండ మీది దేవుడు అప్పన్న దగ్గరా ఒకటి ఉంది. ఉత్తరాంధ్ర రైతు ఇంట్లో ఆవు ఈనితే, కోడెదూడని సింహాద్రి అప్పన్నకి ఇస్తానని మొక్కుకోవడం తరాల ఆచారం. భక్తితో ఇచ్చే దూడ అది, ఆ భక్తిని నేను గౌరవిస్తాను. మా తాతల ఇంట్లోనూ ఇచ్చారు. అయితే ఆ రోజుల్లో దూడ ఎదిగి, తల్లిపాలు మరిచి, గడ్డి కొరికే వయసొచ్చాకే కొండకి నడిచేది. ఇప్పుడు దుక్కి ట్రాక్టరుది. కోడెదూడకి ఇంట్లో పని లేదు, అది తాగే పాలు అమ్మకానికి తగ్గే పాలు. దాంతో నెల తిరగని దూడలు కూడా ఆటోల్లో కొండకి చేరుతున్నాయి. దూడ పుట్టినప్పుడు దాని కడుపు పాలకి మాత్రమే సిద్ధంగా ఉంటుంది. గడ్డిని అరిగించుకునే పొట్ట తయారు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. రోజూ తన బరువులో పదో వంతు పాలు దానికి కావాలి. ఎన్ని ఆవులున్న గోశాలైనా ఇన్ని దూడలకి తల్లి కాలేదు. నీరసించి చనిపోయిన దూడల వార్తలు మనం పత్రికల్లో ఒకసారి కాదు, చాలాసార్లు చదివాం.

ఈ దూడల గురించి పట్టించుకున్న సంస్థల్లో ముందు చెప్పుకోవాల్సింది విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్. 1996లో ప్రదీప్ కుమార్ నాథ్ స్థాపించారు. వీధికుక్కల కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల నుంచి తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లు కాపాడటం దాకా వాళ్ల పని సాగింది. వాళ్ల పనిని చూసి నేను తెలుసుకున్నది ఒకటి. తీసుకునే చెయ్యి ఎంత పెద్దదైనా, ఇచ్చే చెయ్యి ఆలోచించకపోతే సరిపోదు. మొక్కు తీర్చాలనుకునే అన్నలకీ అక్కలకీ చేతులు జోడించి చెబుతున్నాను. దూడని తల్లి దగ్గర ఆర్నెల్లు తాగనివ్వండి. ఆ తర్వాత తీసుకెళ్లండి. అప్పన్న ఆగుతాడు.

మన చట్టం కూడా తాడు గురించి మాట్లాడుతుందని చాలామందికి తెలియదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ చదవండి. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన తాడుతోనో జంతువుని గంటల తరబడి కట్టి ఉంచడం నేరమని అందులో ఉంది. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని యజమాని తిప్పకపోవడం కూడా నేరమే. ఆకలికీ దాహానికీ వదిలేసి పోవడమూ అంతే. అరవై ఏళ్ల కిందట ఇంత సన్నటి విషయాన్ని గమనించి రాసినవాళ్లకి దండం పెట్టాలి. కానీ మొదటిసారి పట్టుబడితే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఈ రోజుకీ అంతే. మా వీధిలో మంచి తాడు కొనాలన్నా అంతకన్నా ఎక్కువవుతుంది. జంతువుని చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకూ జైలు పడవచ్చు. అయితే మెల్లగా మెడ కోసే తాడు కోసం పోలీస్ స్టేషన్‌కి వెళ్లేవాళ్లు చాలా తక్కువ.

"ఇంత బాధపడేవాళ్లు వాటన్నిటినీ షెల్టర్‌లో పెట్టొచ్చుగా" అని చాలామంది అడుగుతారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల గుంపు నాలుగేళ్ల పిల్లవాణ్ని చంపేసిన వీడియో చూసిన రాత్రి నేనూ నిద్రపోలేదు. ఆ తల్లిదండ్రుల ముందు ఏ వాదనా నిలవదు. అందుకే ఈ పని సరిగ్గా జరగాలంటాను. షెల్టర్ అంటే కాలు విరిగినవాటికి, గుడ్డివాటికి, పుండు మానేదాకా ఉండేవాటికి. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్ని వందల కొద్దీ నాలుగు గోడల మధ్య పెడితే పార్వో, డిస్టెంపర్ లాంటి అంటురోగాలు వారంలో చుట్టేస్తాయి, బలహీనమైనదానికి కూడు దక్కదు. ఇక్కడ ఖాళీ అయిన వీధిలోకి పక్క వీధి కుక్కలు వస్తాయి, అవి టీకా లేనివి కావచ్చు. చెన్నైలోని బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా దశాబ్దాల పాటు చెప్పింది ఇదే. పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవి చివర చిన్న కోత పెట్టి, పట్టిన చోటే వదలాలి. 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలూ, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలూ ఈ మాటే చెప్పాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవీ, మనుషుల మీద పడేవీ తప్ప మిగతావాటిని టీకా, ఆపరేషన్ అయ్యాక వాటి చోటికే చేర్చమంది. నవంబరులో మాత్రం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోవాటిని వేరే చోటికి తరలించమంది. ఆ లెక్కన మా టీ కొట్టు స్టేషన్ ఆవరణకి బయట ఉండటం ఈ కుక్క అదృష్టం.

కరిస్తే ఏం చెయ్యాలో కూడా ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. ధారగా పడే నీళ్లలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు టీకా మొదలెట్టాలి, ఒక్క డోసూ తప్పకూడదు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

మొన్నటి కుక్క డాక్టరు దగ్గరే ఉంది. పుండు అంచులు గులాబి రంగుకి తిరిగాయి, కండ పట్టుకుంటోంది. పూర్తిగా మానాక ఆపరేషన్ చేయించి, మళ్లీ ఆ టీ కొట్టు వెనకాలే వదులుతాం. కొట్టాయన రోజూ రెండు పూటలా బన్ను ముక్క వేస్తానన్నాడు. మెడ మీద వెంట్రుకలు ఇక రావేమో. ఆ గీత దానికి జీవితాంతం ఉంటుంది.

పాలత్త మళ్లీ ఒక గేదెని తెచ్చుకుంది. నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్తే పొద్దువాలే వేళ దాన్ని గుంజకి కడుతోంది. తాడు గుంజ చుట్టూ తిప్పి, మడతని ఉచ్చులోంచి దూర్చి, కొస బయటికి వదిలింది. గేదె అటు గుంజితే ముడి బిగుస్తుంది. మనిషి ఇటు కొస లాగితే ఊడొస్తుంది. కట్టాక ఒకసారి లాగింది. ఊడింది. మళ్లీ కట్టింది. తర్వాత మనవరాల్ని పిలిచింది. ఆ రాత్రి చంకలో ఉన్న పిల్లే, ఇప్పుడు బడికెళ్తోంది. అది కూడా వచ్చి కొస లాగింది, ఊడింది. మూడోసారి కట్టి, గేదె మెడ నిమిరి, ఇద్దరూ లోపలికి వెళ్లారు. రోజూ ఇలాగే చేస్తారట.