ప్రతి, పాఠం, అనుమతి: పాత మినీకంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ పునరుద్ధరణ – విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:

పాఠ పరిష్కరణలో ప్రతి దొరకడంతో పని మొదలవుతుంది గాని పూర్తికాదు. ఆ ప్రతి ఏ కాలానిది, ఎవరెవరి చేతులు మారింది, అందులోని పాఠం మూలానికి ఎంత దగ్గర అన్న ప్రశ్నలు తేలిన తరువాతే అది ప్రామాణిక పాఠంగా నిలుస్తుంది. కాలం చెల్లిన మినీకంప్యూటర్ల సాఫ్ట్‌వేర్‌ను తిరిగి నడిపించే కృషిని కూడా ఈ దృష్టితో చూడవలసి ఉంది. ఆ కృషిని సాంకేతిక విజయంగానో, గతం మీది మమకారంగానో భావించడం పరిపాటి. అయితే తాళపత్ర పరిష్కర్తకు సాధారణంగా ఎదురుకాని ప్రశ్న ఒకటి ఇక్కడ ఉంది. పాఠం చేతిలో ఉన్నప్పటికీ దానిని చదివే, నడిపే హక్కు ఎవరిది? యూనిక్స్, వీఎంఎస్ అనే రెండు వ్యవస్థల చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

యంత్రం – ప్రతి:

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1970లో పీడీపీ-11ను, 1977లో వ్యాక్స్-11/780ను విడుదల చేసింది. ఆ యంత్రాలు నేడు అరుదు. కానీ వాటి ప్రాసెసర్‌ను, డిస్కులను, టేపులను సాధారణ కంప్యూటర్‌పై అనుకరించే ఎమ్యులేటర్లు ఉన్నాయి. ఆ సంస్థలోనే పనిచేసిన బాబ్ సుప్నిక్ రూపొందించిన సిమ్‌హెచ్ వాటిలో ప్రసిద్ధం. అయస్కాంత టేపు శిథిలం కాకముందే అందులోని సమాచారాన్ని యథాతథంగా ఎక్కించుకోగలిగితే, ఆ తరువాత ఎన్ని ప్రతులు తీసినా లేఖక దోషాలు చేరవు. ఈ రెండు చిక్కులూ తీరాక మిగిలేది లైసెన్సు.

యూనిక్స్ – మూలం, వ్యాఖ్యానం:

అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో 1969లో మొదలైన యూనిక్స్ త్వరలోనే పీడీపీ-11కు చేరింది. దాని యజమాని ఏటీ అండ్ టీ. 1956 నాటి న్యాయస్థానపు ఒప్పందం ప్రకారం ఆ సంస్థ టెలిఫోన్ రంగానికి వెలుపల వ్యాపారం చేయడానికి పరిమితులు ఉండేవి. అందువల్ల యూనిక్స్ మూల కోడ్ స్వల్ప రుసుముకే విశ్వవిద్యాలయాలకు అందింది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైన జాన్ లయన్స్ 1976లో ఆరవ యూనిక్స్ కూర్పుకు వ్యాఖ్యానం రాసి తన విద్యార్థులకు బోధించాడు. సుమారు 9,000 పంక్తుల మూలం ఒక సంపుటం, దానికి వివరణ మరొక సంపుటం. మూలం, టీక అనే పద్ధతికి అలవాటుపడిన పాఠకులకు ఈ అమరిక కొత్తగా తోచదు.

1979 నాటి ఏడవ కూర్పు లైసెన్సు, మూల కోడ్‌ను తరగతి గదిలో బోధించడాన్ని నిషేధించింది. లయన్స్ వ్యాఖ్యానం ఫోటోకాపీలుగా చేతులు మారింది. ఆండ్రూ టానెన్‌బామ్ విద్యార్థుల కోసం మినిక్స్‌ను స్వయంగా రాసి 1987లో వెలువరించడానికి ఈ నిషేధమే ప్రధాన కారణం. లయన్స్ గ్రంథం 1996లో గాని బహిరంగంగా అచ్చుకాలేదు. 2002 జనవరిలో కాల్డెరా సంస్థ పాత యూనిక్స్ కూర్పులను స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసింది.

నిషేధం ఓడింది, పాఠకుడు గెలిచాడు అని ఈ కథను ముగించడం సులభం. అది సగం నిజం మాత్రమే. ఫోటోకాపీ గ్రంథాన్ని బతికించింది. కానీ అధ్యాపకుడు దానిని పాఠ్యప్రణాళికలో చేర్చలేకపోయాడు, దాని పరిష్కృత ముద్రణ వెలువడలేదు. రహస్యంగా చదివిన గ్రంథానికి పాఠకులు ఉంటారు గాని, విద్యాపరమైన ప్రతిష్ఠ ఉండదు. ఆ లోటును అనుమతి మాత్రమే తీర్చగలిగింది.

వీఎంఎస్ – పాఠంలోనే ద్వారపాలకుడు:

వ్యాక్స్ యంత్రాల వ్యవస్థ అయిన వీఎంఎస్ విషయంలో చిక్కు మరింత లోతైనది. అయిదవ కూర్పు నుంచి లైసెన్సును తనిఖీ చేసే విభాగం వ్యవస్థలోనే భాగమయింది. ఉత్పత్తి పేరు, యూనిట్ల సంఖ్య, గడువు, వాటి నుంచి లెక్కగట్టిన సరిచూపు సంకేతం ఉన్న అధికార పత్రాన్ని నమోదు చేస్తేనే ఆ వ్యవస్థ పూర్తిగా పనిచేస్తుంది. లేకపోతే ఆపరేటర్ కన్సోల్ నుంచి తప్ప ఎవరూ ప్రవేశించలేరు.

1990ల చివరి నుంచి అభిరుచితో నడిపేవారికి గడువుతో కూడిన ఉచిత పత్రాలు అందేవి. ఆ పథకానికి స్వస్తి చెబుతున్నట్లు 2020లో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ ప్రకటించింది. తరువాత వీఎంఎస్ సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రవేశపెట్టిన సామూహిక లైసెన్సు అర్వాచీన ప్రాసెసర్లకే పరిమితం, వ్యాక్స్‌కు వర్తించదు. శాఖలకు అనుమతి ఉంది, మూలానికి లేదు.

తనిఖీ విభాగాన్ని తొలగిస్తే సరిపోదా అన్న వాదం రావచ్చు. అలా తొలగించినది చారిత్రక పాఠం కాదు. ఒక సంస్థ తన వినియోగదారులను, యంత్రాలను ఎలా లెక్కించిందో చెప్పే సాక్ష్యం ఆ విభాగమే. దానిని ఉంచితే వ్యవస్థ తెరుచుకోదు, తీసేస్తే పాఠం వికలమవుతుంది. గడువు పత్రం ఈ సందిగ్ధాన్ని తీర్చదు. అది హక్కు కాదు, దయ. ఇచ్చినవారు ఎప్పుడైనా ఉపసంహరించుకోగలరు.

వాణిజ్య ప్రయోజనం దెబ్బతింటుందన్న అభ్యంతరానికి కాల్డెరా ఉదాహరణ సమాధానమిస్తుంది. ఆ సంస్థ తొలి ఏడు కూర్పులను, 32వీని విడిచిపెట్టి, సిస్టమ్ 3ను, సిస్టమ్ 5ను మినహాయించింది. పాతదాన్ని పఠనానికి వదలడం, కొత్తదాన్ని వ్యాపారానికి ఉంచుకోవడం ఏకకాలంలో సాధ్యమే.

ముగింపు:

నడిచిన సాఫ్ట్‌వేర్ అంతా పునరుద్ధరణ పొందినట్లు కాదు. మూలాన్ని చదవడం, ఉదాహరించడం, బోధించడం, పరిష్కరించి ప్రచురించడం నిర్భయంగా సాగినప్పుడే పునరుద్ధరణ పూర్తవుతుంది. హైదరాబాదులోని ఈసీఐఎల్ 1970లలో టీడీసీ శ్రేణి కంప్యూటర్లను తయారు చేసింది. ఆ యంత్రాల చరిత్రను చేపట్టే తెలుగు పరిశోధకులకు టేపు ఎక్కడుందన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, దాని హక్కు ఎవరి వద్ద ఉందన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం. రెండవ ప్రశ్నను మొదటే అడగడం మేలు. హక్కుదారు సంస్థ మూతపడిన తరువాత అనుమతి ఇచ్చేవారు మిగలకపోవచ్చు.