పాతబస్తీ చిత్రాలు, వెబ్‌పీ మార్పిడి: ఒక విమర్శనాత్మక పరిశీలన

పాతబస్తీ కళలపై, కట్టడాలపై, లిపులపై పరిశోధన ఈనాడు చాలావరకు తెర మీది చిత్రంతోనే మొదలవుతున్నది. శిల్పాన్నో, రాతప్రతినో, పటాన్నో స్వయంగా చూడటానికి ముందు పరిశోధకుడు దాని ఛాయాచిత్రాన్ని ఏదో ఒక వెబ్‌సైటులో చూస్తాడు. కొన్నిసార్లు దానితోనే సరిపెట్టుకొని సిద్ధాంతగ్రంథంలో ఒక అధ్యాయం పూర్తిచేస్తాడు. ఆ చిత్రం ఏ ఫార్మాట్‌లో ఉన్నది, మూలం నుండి ఎన్ని మార్పులకు లోనైంది అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వేసుకుంటాం. వెబ్‌సైట్ల వేగం కోసం జేపెగ్ చిత్రాలను వెబ్‌పీ వంటి తేలికైన ఫార్మాట్లలోకి మార్చే పద్ధతి వ్యాపిస్తున్నది. ఆ మార్పిడి పాతబస్తీ సామగ్రికి ఎంతవరకు తగినదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వేగం కోసం చేసే వాదం

ఈ వాదాన్ని తేలికగా కొట్టిపారేయలేం. నాలుగేసి మెగాబైట్ల చిత్రాలు పది ఒకే పుటలో పెడితే మొత్తం 40 మెగాబైట్లు. సెకనుకు 4 మెగాబిట్ల వేగం మాత్రమే అందే చోట ఆ పుట పూర్తిగా తెరుచుకోవడానికి 80 సెకన్లు పడుతుంది. యాకుత్‌పురాలో ప్రీపెయిడ్ డేటాతో చదువుకునే విద్యార్థి అంతసేపు ఆగడు. ఆగమనడం న్యాయమూ కాదు. గూగుల్ సంస్థ 2010లో ప్రకటించిన వెబ్‌పీలో చిత్రాలు, ఆ సంస్థ సొంత పరీక్షల ప్రకారం, సమాన నాణ్యత గల జేపెగ్ చిత్రాల కన్నా 25 నుండి 34 శాతం చిన్నవిగా ఉంటాయి.

అయితే ఇక్కడ ఒక మెట్టు దాటవేయబడుతున్నది. 4000×3000 కొలత గల చిత్రంలో 1,20,00,000 పిక్సెళ్లుంటాయి. పుటలో అది కనిపించే చోటు 800×600 అయితే అక్కడ కావలసినవి 4,80,000 మాత్రమే, అంటే ఇరవై ఐదో వంతు. చూపే కొలతకు తగిన ప్రతిని వేరుగా తయారుచేస్తే వచ్చే లాభం ముందు ఫార్మాట్ మార్పు వల్ల వచ్చేది చిన్నది. ఫార్మాట్ మార్చితే చాలు, వేగం అదే వస్తుందన్న ప్రచారం ఈ సాదా లెక్కను మరుగుపరుస్తున్నది.

రెబెక్కా మేలిముసుగు

సాలార్‌జంగ్ మ్యూజియంలోని ముసుగు రెబెక్కా శిల్పాన్ని ఇటలీ శిల్పి జియోవన్ని మరియా బెంజోని చెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో దానిని కొన్నాడు. ముఖమూ పాలరాయే, ముఖాన్ని కప్పిన పలుచని ముసుగూ పాలరాయే. రెంటినీ వేరుచేసి చూపేది తెలుపులో తెలుపుకు గల అతిస్వల్పమైన నీడల తేడా. నష్టంతో కూడిన కుదింపు చిత్రాన్ని చిన్నచిన్న గళ్లుగా విడదీసి, కన్ను పట్టించుకోదని భావించిన సూక్ష్మభేదాలను వదిలివేస్తుంది. మామూలు వీధి దృశ్యంలో ఆ నష్టం నిజంగానే కనిపించదు. ఈ శిల్పంలో మాత్రం ఆ సూక్ష్మభేదమే శిల్పి పనితనం. నాణ్యత సంఖ్యను బాగా తగ్గించి మార్చిన ప్రతిలో ముసుగు మడతలు ముఖంలో కలిసిపోతాయి.

నాణ్యత తగ్గినప్పుడు జేపెగ్ తన నష్టాన్ని గళ్లగళ్లుగా బయటపెట్టుకుంటుంది. వెబ్‌పీ ఆ గళ్ల అంచులను నునుపు చేస్తుంది. చూసేవారికి చిత్రం శుభ్రంగా ఉన్నట్లే అనిపిస్తుంది. అలంకరణకు ఇది గుణమే. సాక్ష్యంగా వాడే చిత్రంలో దీనిని దోషంగానే లెక్కించాలి, ఎందుకంటే పోయిన వివరం పోయినట్లు కూడా తెలియదు.

చుక్కలు, ఎర్రసిరా

ఈ మ్యూజియానికి దగ్గరలోనే ఉన్న ఛత్తాబజార్ ఉర్దూ రాతకు, శుభలేఖల అచ్చుపనికి పేరుపడ్డది. ఆ లిపిలో బే, పే, తే, సే అక్షరాలకు మూలాకృతి ఒక్కటే. చుక్కల సంఖ్యా స్థానమూ మాత్రమే వాటిని వేరుచేస్తాయి. తెలుగువారికి ఇది కొత్త కాదు. థకారానికి, ధకారానికి తేడా లోపలి చుక్కే కదా. అరిగిన కాగితం మీది సన్నని చుక్క కుదింపులో కాగితపు మచ్చతో కలిసిపోతే పాఠమే మారుతుంది.

రంగు విషయం ఇంకా జటిలం. నష్టంతో కూడిన వెబ్‌పీ ప్రకాశాన్ని ప్రతి పిక్సెల్‌కూ నమోదుచేస్తుంది, వర్ణాన్ని మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒక్కసారే నమోదుచేస్తుంది. జేపెగ్‌లో ఇది ఐచ్ఛికం, ఇందులో తప్పనిసరి. కనుక పూర్తి వర్ణవివరంతో భద్రపరచిన జేపెగ్‌ను అత్యధిక నాణ్యతతో ఈ రూపంలోకి మార్చినా వర్ణవివరం తగ్గుతుంది. రాతప్రతులలో శీర్షికలకు వాడిన ఎర్రసిరా, పుట అంచుల సన్నని ఎర్రగీతలు, ముద్రల అంచులు మొదట దెబ్బతినేవి. ఇటువంటి పుటలకు వెబ్‌పీలోనే ఉన్న నష్టరహిత పద్ధతిని ఎంచుకోవాలి. ఫైలు పెద్దదవుతుంది, నిజమే.

మార్పిడికి వాడే సాధనాల స్వభావం కూడా ఇక్కడ గమనించదగినది. గూగుల్ అందించే సీవెబ్‌పీ అనే పరికరం, వేరుగా చెప్పకపోతే, నాణ్యతను 75గా తీసుకుంటుంది; చిత్రంతో వచ్చే అంతర్గత సమాచారాన్ని వదిలివేస్తుంది. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, హక్కులెవరివి అన్న వివరాలు అందులోనే ఉండవచ్చు. శాసనాన్ని అచ్చువేస్తూ అది దొరికిన ఊరి పేరును చెరిపేసే సంపాదకుణ్ణి మనం క్షమించం. ఒక వారసత్వ వెబ్‌సైటు నుండి నేను దించుకున్న పాతబస్తీ కమాను చిత్రంలో ఇదే జరిగింది. వ్యాసంలో దాని తేదీ రాయబోతే ఫైలులో ఏమీ లేదు. చివరకు ఆ చిత్రాన్నే వదులుకున్నాను.

సర్వే పటాలు

1908 మూసీ వరద తరువాతి సంవత్సరాలలో లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాద్ మునిసిపల్ సర్వే జరిగింది. గల్లీల రూపురేఖలు తెలుసుకోవడానికి ఆ పటాలు నేటికీ ఆధారం. పటమంటే గీతలూ అక్షరాలూ, రంగులు కొద్ది. అటువంటి చిత్రాన్ని ఛాయాచిత్రంలా కుదిస్తే గీతల చుట్టూ మసక ఏర్పడుతుంది. శుభ్రపరచి కొద్ది రంగులకు తెచ్చిన పటాన్ని నష్టరహితంగా కుదిస్తే అది తరచుగా చిన్నదిగానూ ఉంటుంది, స్పష్టంగానూ ఉంటుంది. ఇక్కడ వేగానికీ విశ్వసనీయతకూ తగాదాయే లేదు. అన్ని చిత్రాలకూ ఒకే సంఖ్య పెట్టి ఒకే మీట నొక్కే అలవాటు వల్లనే తగాదా ఉన్నట్లు కనిపిస్తున్నది.

మరొక చిక్కు కొలతకు సంబంధించినది. వెబ్‌పీ ఒక వైపు 16,383 పిక్సెళ్లకు మించి తీసుకోదు. 40 అంగుళాల పటాన్ని అంగుళానికి 600 పిక్సెళ్ల చొప్పున స్కాన్ చేస్తే ఆ వైపు 24,000 పిక్సెళ్లవుతాయి. తగ్గించి ఇరికిస్తే ఇళ్ల నంబర్లు చదవలేకపోవచ్చు. మూలప్రతిని టిఫ్ రూపంలో గ్రంథాలయంలో భద్రపరచి, వెబ్‌సైటులో పటాన్ని ముక్కలుగా కోసి, చదువరి చూస్తున్న భాగాన్ని మాత్రమే పంపడం దీనికి సరైన మార్గం. ఒక్కొక్క ముక్క 256×256 పిక్సెళ్లే కనుక యాకుత్‌పురా విద్యార్థి ఫోనులోనూ తన గల్లీ వెంటనే తెరుచుకుంటుంది.