వీణ మేళం: తీగ, మెట్టు, మైనం

వీణలో నాదం పుట్టేది తీగ మీద. అది శ్రుతిలో నిలిచేది మైనం మీద. దండి పొడవునా రెండు పక్కలా వేసిన నల్లటి మైనపు కట్టల మీద 24 మెట్లు కూర్చుని ఉంటాయి. మేకు లేదు, మర లేదు. అందువల్ల ఎండకు, చెమ్మకు, వేళ్ల ఒత్తిడికి మేళం, అంటే మెట్ల అమరిక, కదులుతుంది. గౌతమి, వసిష్ఠ పాయలకూ సముద్రానికీ నడుమనున్న కోనసీమలో చెమ్మ ఏడాదంతా ఉంటుంది, వేసవిలో ఉక్క దానికి తోడవుతుంది. ఇక్కడ వీణ వాయించడం ఎంత విద్యో, దాన్ని కాపాడుకోవడమూ అంత విద్యే.

గోదావరి తీరం వైణికులకు పేరుమోసినది. తుమరాడ సంగమేశ్వరశాస్త్రి పిఠాపురం సంస్థానంలో వైణికులుగా ఉండేవారు. ఈమని శంకరశాస్త్రి 1922లో ద్రాక్షారామంలో పుట్టి, తండ్రి అచ్యుతరామశాస్త్రి దగ్గర వీణ నేర్చుకున్నారు. శంకరశాస్త్రి శిష్యుడు చిట్టిబాబు 1936లో కాకినాడలో పుట్టారు. ఒక్క మీటు మీద అనేక స్వరాలు పలికించడం, తీగను మెట్టు మీదనే పక్కకు లాగి గమకం పట్టడం వీణా వాదనకు ప్రాణం. తీగ పాతబడినా, కుండ మీద తీగలను మోసే గుర్రం సరిగా కూర్చోకపోయినా, మెట్టు ఎత్తు తప్పినా నాదం మధ్యలోనే తెగిపోతుంది.

వీణకు వాడేది పనస కర్ర. ఆంధ్రదేశంలో బొబ్బిలి, నూజివీడు వీణలకు పేరు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో తయారయ్యే వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కుండ, దండి ఒకే మానులో తొలిచిన ఏకాండి వీణలో అతుకులు తక్కువ కాబట్టి చెమ్మ ప్రాంతంలో అది మేలు. అతుకుల వీణ కొంటే వానాకాలంలో అతుకు దగ్గర నెర్రె కనిపిస్తుందేమో తరచు చూసుకోవాలి.

తీగలు ఏడు. వాయించేవి నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. మొదటి రెండూ ఉక్కు తీగలు, తక్కిన రెండూ మందమైనవి, ఇప్పుడు ఎక్కువగా చుట్టుతీగలు. పక్కన తాళానికి మరో మూడు ఉక్కు తీగలు. అన్నిటికంటే ముందు అరిగేది సారణి, ఎందుకంటే గమకాల బరువంతా దాని మీదనే పడుతుంది. మెట్టు తగిలే చోట తీగ అడుగున చిన్న గాడి పడుతుంది, వేళ్ల చెమటకు, ఉప్పుగాలికి తుప్పు మొదలవుతుంది. ఖాళీ తీగ శ్రుతిలో ఉండి కూడా 12వ మెట్టు మీద పైస్థాయి షడ్జం తేడాగా వినిపిస్తే, మేళాన్ని తప్పుపట్టే ముందు తీగ మార్చి చూడాలి. చాలాసార్లు దోషం అక్కడే తేలుతుంది.

తీగలు ఒకదాని తర్వాత ఒకటిగా మార్చాలి. అన్నీ ఒక్కసారి విప్పితే గుర్రం మీద ఒత్తిడి పోయి, దాని అమరిక చెదురుతుంది. కొత్త తీగ కొసను మెలిపెట్టి ఉంగరంలా చేసి, కుండ చివర లంగరుకు తగిలించి, గుర్రం మీదుగా, దండి చివరనున్న మేరువు మీదుగా, తీగ బిగించే బిరడాకు తెస్తారు. బిరడాకు చుట్లు ఒకదాని పక్కన ఒకటి పడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. బిరడా జారుతుంటే సుద్ద పొడి పూయడం పాత ఉపాయం. కొత్త తీగ వెంటనే నిలకడగా ఉండదు. శ్రుతి చేసి, సున్నితంగా లాగి, మళ్లీ శ్రుతి చేయాలి. చివరి సవరణ లంగరు దగ్గర తీగకున్న పూసతో చేస్తే చాలు, బిరడాను కదపనక్కర లేదు.

శ్రుతి చేసేటప్పుడు తంబురా షడ్జానికి ముందు సారణిని కలుపుతారు. పంచమం తీగ దానికి కింది పంచమం, మంద్రం కింది స్థాయి షడ్జం, అనుమంద్రం ఇంకా కింది పంచమం. చెవికి అనుమానం వస్తే మెట్లే సాక్ష్యం: పంచమం తీగ 5వ మెట్టు మీద ఖాళీ సారణితో కలవాలి, మంద్రం తీగ 7వ మెట్టు మీద ఖాళీ పంచమంతో కలవాలి. తాళపు తీగల్లో రెండు షడ్జాలు, వాటి నడుమ ఒక పంచమం.

అసలు విద్య మేళం కట్టడంలో ఉంది. తేనెమైనానికి గుగ్గిలం, మసి లేదా బొగ్గు పొడి కలిపి సన్న సెగ మీద కరిగిస్తారు. గుగ్గిలం ఎక్కువైతే మైనం పెళుసవుతుంది, తక్కువైతే వేసవిలో మెత్తబడి మెట్టు కుంగుతుంది. పదును చేసిన మైనాన్ని కట్టలుగా పేర్చి, మెట్లను వేడిమీద అదిమి, ఒక్కో మెట్టునూ చెవితో వెతికి నిలుపుతారు. ముందు షడ్జ పంచమాలు, తర్వాత తక్కినవి. తీగను నొక్కినప్పుడు బిగువు కొద్దిగా పెరుగుతుంది కాబట్టి కొలబద్ద చూపిన చోటు సరిపోదు. చెవి చెప్పిన చోటే సరి. ఎత్తులో వెంట్రుకవాసి తేడా ఉన్నా తీగ పక్క మెట్టుకు తగిలి జిరజిరమంటుంది.

విజయనగర కాలంలో రామామాత్యుడు 1550లో రాసిన స్వరమేళకళానిధి ఒకే రాగానికి మెట్లు అమర్చే ఏకరాగమేళ వీణనూ, అన్ని రాగాలకూ సరిపోయే సర్వరాగమేళ వీణనూ వేరుచేసి చెబుతుంది. స్థిరమైన 24 మెట్ల వీణను తంజావూరు రఘునాథ నాయకుడి కాలానికి చెందినదిగా సంప్రదాయం చెబుతుంది. స్థిరపడినా మెట్టు మైనం మీదనే ఉండిపోయింది. వైణికుడి చెవికి నచ్చిన గాంధారాన్ని ఇప్పటికీ కాస్త అటూ ఇటూ జరపవచ్చు. ఇది మైనం బలహీనత కాదు, దాని గొప్పతనం.

గిటారుకు ఆ వీలు లేదు. దాని మెట్లు కర్రలో దిగి ఉంటాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట చర్చిల్లో మోగే గిటారు, బేస్ గిటార్లకూ తక్కిన సూత్రాలన్నీ వర్తిస్తాయి: తీగలు ఒక్కొక్కటిగా మార్చడం, 12వ మెట్టు దగ్గర పైస్థాయి సరిచూడడం. ఎలక్ట్రిక్ గిటారులో తేడా వస్తే మెట్టును కాక గుర్రం మీది చిన్న ఆనుడు ముక్కను ముందుకో వెనక్కో జరుపుతారు.

రోజువారీ సంరక్షణ తేలిక. వాయించడం అయ్యాక పొడి నూలుగుడ్డతో ప్రతి తీగనూ అడుగు నుంచి కూడా తుడవాలి. వేళ్లు జారడానికి రాసుకునే కొబ్బరినూనె మెట్ల మీద మిగిలితే దుమ్ము పట్టి జిడ్డు కడుతుంది. వీణను గోడకు ఆనించి నిలపకుండా చాప మీదో చెక్క మీదో పడుకోబెట్టాలి. కిటికీ ఎండ, మూసిన కారు మైనానికి శత్రువులు. చాలా రోజులు వాయించకపోతే తీగలను కొంచెం సడలించాలి, పూర్తిగా వదలకూడదు.

మేళం తప్పిన వీణ మీద సాధన చేసే పిల్లల చెవి ఆ తప్పు స్వరానికే అలవాటు పడుతుంది. కాబట్టి వీణ నేర్పే గురువులు సరళీస్వరాలతో పాటే తీగ కట్టడం, శ్రుతి సరిచూడడం నేర్పాలి. మేళం కట్టగలిగిన పెద్దలు ఉన్న ఊళ్లలో ఆ పని జరుగుతున్నప్పుడు విద్యార్థులను పక్కన కూర్చోబెట్టాలి.