ప్రోగ్రాములలో గోడలు, దర్వాజాలు: ఒక విమర్శ

హైదరాబాదు పాతనగరము చుట్టును పూర్వము రాతిగోడ యుండెడిది. దానికి దర్వాజాలును, ఖిడ్కీలను చిన్న ద్వారములును ఉండెడివి. యాకుత్‌పురా దర్వాజా అట్టివానిలో నొకటి. గోడ చాలవరకు పోయినది. నేడు పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రము నిలిచియున్నవి. గోడ ప్రయోజనము రాకపోకలను మాన్పుట కాదు, అవి ఏ ద్వారమున జరుగవలెనో నిర్ణయించుట. కంప్యూటరు ప్రోగ్రాములకును ఇట్టి గోడలు కలవు. వానిని నేటి ప్రోగ్రామర్లు ఎట్లు పాటించుచున్నారో పరిశీలింతము.

పెద్ద ప్రోగ్రామును మాడ్యూళ్లుగా, అనగా విడివిడి భాగములుగా వ్రాయుదురు. ఈ విభజన ఎట్లుండవలెనో డేవిడ్ పార్నస్ 1972లో ఒక ప్రసిద్ధ వ్యాసమున వివరించెను. పనులు జరుగు వరుసను బట్టి విభజించుట చాలదు. ముందుముందు మారగల ప్రతి నిర్ణయమును ఒక్కొక్క మాడ్యూలు తనలో దాచుకొనవలెనని ఆయన మతము. దాచినదానిని మార్చినను ఇతర భాగములకు బాధ కలుగదు.

ఒక పాఠశాల మార్కుల ప్రోగ్రామును తీసికొందము. సగటు లెక్కించు భాగమునకు, మార్కులను తెచ్చియిచ్చు ‘నిల్వ’ భాగము కావలెను. సగటు భాగమే నిల్వను తయారుచేసికొన్నచో, రేపు ఫైలుకు బదులు డేటాబేసు వచ్చినపుడు దానిని తిరిగి వ్రాయవలసివచ్చును. నిల్వను వెలుపలినుండి అందించినచో ఆ చిక్కు లేదు. ఇట్లు అందించుటకే డిపెండెన్సీ ఇంజెక్షన్ అని పేరు. మార్టిన్ ఫౌలర్ 2004లో వ్రాసిన వ్యాసముతో ఈ పేరు వ్యాప్తిలోనికి వచ్చెను. భాగములను కూర్చి అందించు సాధనమును కంటెయినర్ అందురు. జావా భాషలో స్ప్రింగ్, గైస్ ఇట్టివి.

పద్ధతి మంచిదే, దోషము వాడుకలో నున్నది. కూర్పు అంతయు ఒక్కచోటనే వ్రాసినచో, ప్రతి మాడ్యూలులోని క్లాసులన్నియు ఆ చోటికి కనబడవలెను. అందుచే ప్రోగ్రామరు ప్రతిదానిపై ‘పబ్లిక్’ అని వ్రాయును. కూర్పుకై తెరచిన ద్వారము తక్కినవారికిని తెరచియే యుండును. తొందరలోనున్న మరియొకరు నిల్వలోని ఫైలు చదువు క్లాసును నేరుగా వాడుకొందురు. ఏ బంధమును తప్పించుటకు ఇంజెక్షన్‌ను ఆశ్రయించితిమో, ఆ బంధమే మరల ఏర్పడును.

గోడ లేనిచో ఏమగునో జావా చరిత్రయే చెప్పును. ‘అన్‌సేఫ్’ అను క్లాసు జావా లోపలి పనులకై వ్రాయబడినది. వెలుపలి లైబ్రరీలు దానిని విరివిగా వాడజొచ్చెను. 2017లో జావా 9 మాడ్యూళ్లకు గోడలు కట్టినపుడు, ఈ క్లాసును మూయ వీలులేక ప్రత్యేక మాడ్యూలులో తెరచియుంచవలసి వచ్చెను. తక్కిన లోపలి భాగములలో చాలవానిని సహజముగా మూసియుంచుట 2021లో, జావా 16తో గాని సాధ్యపడలేదు.

మరి మార్గమేమి? కూర్పు పనిని పంచవలెను. ప్రతి మాడ్యూలును తన లోపలి భాగములను తానే కూర్చుకొని, ఒక ఇంటర్‌ఫేసును మాత్రము వెలుపల నుంచవలెను. గైస్‌లోని ‘ప్రైవేట్ మాడ్యూల్’ ఉద్దేశము ఇదియే: పేర్కొని బయటపెట్టినవి తప్ప తక్కిన కూర్పులు ఇతర మాడ్యూళ్లకు అందవు. కాని ఇది దాచునది కూర్పును మాత్రమే. లోపలి క్లాసు ‘పబ్లిక్’ అయినచో, దానిని ఎవరైనను నేరుగా పిలువవచ్చును. కంటెయినర్ కట్టు గోడ వేరు, భాష కట్టు గోడ వేరు, రెండును కావలెను. జావా 9లోని ‘ఓపెన్స్’ అను మాట ఖిడ్కీ వంటిది. ప్రోగ్రాము నడచునపుడు, పేర్కొన్న కంటెయినర్‌కు లోనికి దారి యిచ్చును. ఇతర మాడ్యూళ్లు వ్రాయువారికి ఆ క్లాసులు వాడుకకు దొరకవు.

నాలుగైదు క్లాసుల చిన్న ప్రోగ్రామునకు ఇంత కట్టడి అక్కరలేదు. కాని అలవాట్లు చిన్న ప్రోగ్రాములతోనే అబ్బును. విద్యార్థి ‘పబ్లిక్’ అని వ్రాసినపుడెల్ల, “ఇది ఎవరికి కనబడవలెను? ఎందుకు?” అని ఉపాధ్యాయులు అడుగుట మేలు. సమాధానము దొరకని ద్వారమును మూసివేయుటయే ఉత్తమము. మూసినదానిని అవసరమైనపుడు తెరచుట సులభము. పలువురు నడచుటకు అలవాటుపడిన ద్వారమును మూయుట మిక్కిలి కష్టము.